డిప్యుటేషన్ నుంచి మాతృశాఖకు: మీ హక్కు ఏ కాగితంలో ఉంది?

"సార్, అక్కడ రిలీవ్ చేసి పదకొండు రోజులైంది. ఇక్కడ పోస్టింగ్ ఇవ్వలేదు. ఈ రోజులు డ్యూటీయా, లీవా?"

ఉద్యోగుల సర్వీసు వ్యవహారాలు చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో ఉన్నన్నాళ్లూ నేను ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇదే. అడిగినవాళ్లలో గుమాస్తాలున్నారు, గెజిటెడ్ ఆఫీసర్లున్నారు. డిప్యుటేషన్ మీద, అంటే కొంతకాలానికి వేరే శాఖలోనో సంస్థలోనో పనిచేయడానికి, వెళ్లేటప్పుడు అందరూ ఉత్తర్వు క్షుణ్ణంగా చదువుతారు, అలవెన్స్ ఎంతో చూసుకుంటారు. మాతృశాఖకు, అంటే అసలు ఉద్యోగమున్న శాఖకు, తిరిగొచ్చేటప్పుడు మాత్రం, సొంత ఇల్లే కదా, తలుపు తీసే ఉంటుందిలే అనుకుంటారు. తలుపు తీసే ఉంటుంది, నిజమే. కానీ లోపల మీ కుర్చీ ఉండదు, ఫైలు ఉండదు, ఒక్కోసారి జీతం బిల్లులో మీ పేరే ఉండదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగులను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. కేంద్ర ఉద్యోగులకు తేడా ఉన్నచోట విడిగా చెబుతాను. ప్రైవేటు కంపెనీల్లో ఈ లెక్కలు వేరు. అక్కడ అపాయింట్‌మెంట్ లెటర్, పంపేటప్పుడు ఇచ్చిన లెటర్, ఈ రెండింటిలో ఏముంటే అదే హక్కు.

1. ముందు మీది ఏ రకమో తేల్చుకోండి

మన దగ్గర "డిప్యుటేషన్" అనే మాటను మూడు రకాలుగా వాడేస్తారు. టీచర్‌ను పక్క మండలంలోని బడికి సర్దుబాటు చేసినా డిప్యుటేషన్ అంటారు. అది పని సర్దుబాటు మాత్రమే. జీతం పాత చోటే వస్తుంది, తిరిగి రావడానికి ఏ హక్కులూ వెతుక్కోనక్కర్లేదు.

రెండోది, ఒక ప్రభుత్వ శాఖ నుంచి మరో ప్రభుత్వ శాఖకు వెళ్లడం. మూడోది ఫారిన్ సర్వీస్. పేరు చూసి పాస్‌పోర్ట్ తీయకండి. ప్రభుత్వ ఖజానా నుంచి కాకుండా వేరే సంస్థ నిధుల నుంచి జీతం వస్తే అది ఫారిన్ సర్వీసే. గుంటూరు నుంచి తిరుపతి వెళ్లి టీటీడీలో పనిచేసినా, హైదరాబాద్‌లోనే రోడ్డుకు అటువైపున్న కార్పొరేషన్‌కు మారినా ఫారిన్ సర్వీసే. చిక్కులన్నీ ఎక్కువగా ఉండేది ఇందులోనే, కాబట్టి ఈ వ్యాసంలో సింహభాగం దీనికే.

మీ డిప్యుటేషన్ జీవోకు అనుబంధంగా "టర్మ్స్ అండ్ కండిషన్స్" అని ఒకటి రెండు పేజీలు ఉంటాయి. చాలామంది దగ్గర జీవో మొదటి పేజీ మాత్రమే ఉంటుంది. ఆ అనుబంధం కాపీ ఈరోజే సంపాదించండి. జాయినింగ్ టైమ్ (కొత్త చోట చేరడానికి ఇచ్చే రోజులు) జీతం, ట్రాన్స్‌ఫర్ టీఏ (ఊరు మారే ఖర్చు), లీవు, పెన్షన్ కాంట్రిబ్యూషన్ (వాటి కోసం ప్రభుత్వానికి కట్టే వాటా) ఎవరు కట్టాలో అందులోనే ఉంటుంది.

2. గడువు తేదీకి ఆరు నెలల ముందే కదలండి

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు. ఎందుకో చెబుతాను.

2007 జూన్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆర్థిక శాఖ జీవో 128 ఇచ్చింది. అనుమతి లేకుండా ఏడాదికి మించి రాకపోతే ఉద్యోగానికి రాజీనామా చేసినట్టే భావిస్తారని చాలామందికి తెలుసు. అదే జీవోలో మరో క్లాజు ఉంది. ప్రభుత్వం అనుమతించిన గడువు దాటి ఫారిన్ సర్వీస్‌లో కొనసాగినా రాజీనామా చేసినట్టే లెక్క. వివరణ ఇచ్చుకునే అవకాశం ఇవ్వకుండా మాత్రం అలా చేయకూడదు. అదొక్కటే ఊరట.

ఇక్కడే మంచివాళ్లు ఇరుక్కుంటారు. పై అధికారి, "పనుంది, ఎక్స్‌టెన్షన్‌కు రాశాం, వచ్చేస్తుంది, మీరు కూర్చోండి" అంటారు. ఆ సంస్థ రాసిన ఉత్తరం ఎక్స్‌టెన్షన్ కాదు. మాతృశాఖ, ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వే ఎక్స్‌టెన్షన్. కేంద్రంలో ఇది ఇంకా కచ్చితం. గడువు ముగిసిన రోజునే ఉద్యోగి రిలీవ్ అయినట్టు భావిస్తారని 2011లో కేంద్ర సిబ్బంది శాఖ (డీవోపీటీ) స్పష్టం చేసింది. ముందుగా అనుమతి లేకుండా ఉండిపోతే బాధ్యత ఉద్యోగిదే.

అందుకే ఆరు నెలల ముందు రెండు ఉత్తరాలు రాయండి. ఒకటి ఇప్పుడు పనిచేస్తున్న సంస్థకు, ఒకటి మాతృశాఖ హెచ్‌వోడీకి (శాఖాధిపతికి). విషయం ఇలా ఉంటే చాలు:

"ఫలానా జీవో ప్రకారం నా డిప్యుటేషన్ గడువు ఫలానా తేదీతో ముగుస్తుంది. ఆలోగా ప్రభుత్వం నుంచి పొడిగింపు ఉత్తర్వు రాని పక్షంలో నన్ను ఆ తేదీ మధ్యాహ్నం రిలీవ్ చేయవలసిందిగా కోరుతున్నాను. మాతృశాఖలో నా కేడర్‌లో పోస్టింగ్ ఉత్తర్వులు ముందుగానే జారీ చేయవలసిందిగా మనవి."

రెండింటి మీదా తేదీతో ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకోండి. మూడు నెలల ముందు మరోసారి పంపండి. రేపు గడువు దాటినా, "నేను ఉండిపోలేదు, నన్ను వదల్లేదు" అని చూపించడానికి ఈ రెండు ముద్రలే సాక్ష్యం.

3. అక్కడి గేటు దాటకముందే తీసుకోవాల్సినవి

మీరు వచ్చేసిన మర్నాడే అక్కడ మీ ఫైలు అటక ఎక్కుతుంది. తర్వాత ఫోన్లు చేస్తే "సెక్షన్ మారిపోయింది మేడమ్" అంటారు. కాబట్టి రిలీవింగ్ ఆర్డర్‌తోనే తృప్తి పడకండి.

ఎల్‌పీసీ అంటే లాస్ట్ పే సర్టిఫికెట్ కావాలి. అందులో మాతృశాఖ స్కేల్‌లో మీ బేసిక్ విడిగా, డిప్యుటేషన్ అలవెన్స్ విడిగా, జీపీఎఫ్ (ప్రావిడెంట్ ఫండ్), ఏపీ లేదా తెలంగాణ జీఎల్‌ఐ (ప్రభుత్వ జీవిత బీమా), గ్రూప్ ఇన్సూరెన్స్, హెచ్‌బీఏ (ఇంటి అడ్వాన్సు) వాయిదాలు ఎన్ని కట్టారు, ఎన్ని మిగిలాయి అన్నీ ఉండాలి. బేసిక్, అలవెన్స్ రెండూ కలిపి ఒకే అంకె వేసి ఇస్తే తీసుకోకండి, మార్పించండి.

సర్వీస్ రిజిస్టర్ (ఎస్‌ఆర్) మాతృశాఖలో ఉన్నా, ఆ సంస్థలో మీరు పనిచేసిన కాలానికి సర్వీస్ వెరిఫికేషన్ సర్టిఫికెట్ ఇవ్వాల్సింది వాళ్లే. "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు పనిచేశారు, జీతం ఫలానా నిధి నుంచి చెల్లించాం" అని ఉండాలి. వాడుకున్న లీవుల స్టేట్‌మెంట్ కూడా దీనికి జత చేయించండి.

పెన్షన్, లీవ్ శాలరీ కాంట్రిబ్యూషన్ చలాన్ల కాపీలు ప్రతి సంవత్సరానివీ తీసుకోండి. దీని గురించి కింద మళ్లీ చెబుతాను.

వార్షిక రహస్య నివేదికలు రాసి మాతృశాఖకు పంపారో లేదో అడగండి. పంపితే పంపిన ఉత్తరం నంబరు, తేదీ రాసుకోండి. మీకు రిపోర్ట్ రాయాల్సిన అధికారి బదిలీ అయ్యేలోపే ఈ పని చేయించుకోవాలి.

చివరగా నో డ్యూ సర్టిఫికెట్. ల్యాప్‌టాప్, క్వార్టర్, అడ్వాన్సులు, స్టోర్ సామాను ఏదీ పెండింగ్ లేదని. ఆరేళ్ల తర్వాత ఆడిట్ అభ్యంతరం వస్తే పెన్షన్ ఫైలు ఆగేది దీని దగ్గరే.

4. రిలీవింగ్ నుంచి జాయినింగ్ వరకు ఒక్కరోజు కూడా గాలిలో ఉండొద్దు

ఎఫ్‌ఆర్ (ఫండమెంటల్ రూల్స్, అంటే ప్రభుత్వోద్యోగుల మూల నిబంధనలు) 124 ప్రకారం ఉద్యోగి మాతృశాఖలో తన పోస్టు చార్జ్ తీసుకున్న రోజే ఫారిన్ సర్వీస్ నుంచి తిరిగొచ్చినట్టు. మధ్యలో లీవు పెడితే ఏ తేదీ నుంచి తిరిగొచ్చినట్టో ప్రభుత్వం నిర్ణయిస్తుంది. కాబట్టి "పది రోజులు పిల్లల దగ్గరకు వెళ్లొచ్చి చేరతాను" అనుకుంటే ముందుగా లీవు మంజూరు చేయించుకోండి. నోటిమాట మీద వెళ్లొద్దు.

జాయినింగ్ టైమ్ మీ హక్కే. కేంద్ర ఉద్యోగులకు 1979 రూల్స్ ప్రకారం వెయ్యి కిలోమీటర్ల వరకు 10 రోజులు, రెండు వేల వరకు 12, అంతకు మించితే 15 రోజులు. అదే ఊళ్లో, ఇల్లు మారకుండా చేరితే ఒక్కరోజే. కేంద్ర నిబంధనల్లో వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ జాయినింగ్ టైమ్ జీతం, ట్రాన్స్‌ఫర్ టీఏ మిమ్మల్ని తీసుకున్న సంస్థే భరించాలి. రాష్ట్ర ఉద్యోగులు మీ జీవో అనుబంధంలోని షరతులు చూసుకోండి. టీఏ బిల్లు పెట్టడం మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

5. వెళ్లారు, పోస్టింగ్ లేదు. ఇప్పుడేంటి?

మొదట హక్కు ఎంతవరకో తెలుసుకోవాలి. మీ లియన్, అంటే శాశ్వత పోస్టు మీద మీకున్న హక్కు, మీ కేడర్‌లోని (మీ స్థాయి ఉద్యోగుల వర్గంలోని) పోస్టు మీద ఉంటుంది. ఎఫ్‌ఆర్ 14-ఎ ప్రకారం మీకు ఇంకెక్కడా లియన్ లేకుండా పోయే పరిస్థితిలో, మీరు ఒప్పుకున్నా సరే, ఆ లియన్ రద్దు చేయకూడదు. అంత గట్టి రక్షణ అది. అయితే లియన్ అంటే మీరు వదిలి వెళ్లిన కుర్చీ కాదు. అదే ఆఫీసు, అదే సెక్షన్, అదే ఊరు కావాలనే హక్కు లేదు. మీ కేడర్‌లో, మీ స్థాయికి తగ్గ పోస్టు ఇవ్వాలి. డిప్యుటేషన్ మీద వేరే జోన్‌లో పనిచేసినంత మాత్రాన లోకల్ కేడర్ కూడా మారిపోదు. లోకల్ కేడర్లను ఏర్పరిచిన 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల కిందైనా, తెలంగాణకు 2018లో వచ్చిన కొత్త ఉత్తర్వుల కిందైనా మీరు ఏ కేడర్ మనిషైతే ఆ కేడర్‌కే తిరిగొస్తారు.

రిలీవ్ అయిన మర్నాడు లేదా జాయినింగ్ టైమ్ ముగిసిన మర్నాడు ఉదయం పదిన్నరకు హెచ్‌వోడీ ఆఫీసుకు వెళ్లి జాయినింగ్ రిపోర్ట్ ఇవ్వండి. "ఖాళీలు లేవు, ఉత్తర్వు వచ్చాక రండి" అంటారు. ఆ మాట విని తిరిగొస్తే మీ డ్యూటీకి రుజువు ఏదీ మిగలదు. రిపోర్ట్‌లో ఈ రెండు వాక్యాలు చేర్చండి:

"నేను ఈ రోజు ఉదయం విధుల్లో చేరడానికి రిపోర్ట్ చేశాను. పోస్టింగ్ ఉత్తర్వులు వచ్చే వరకు గల కాలాన్ని కంపల్సరీ వెయిటింగ్‌గా పరిగణించి డ్యూటీగా క్రమబద్ధీకరించవలసిందిగా కోరుతున్నాను."

ఇన్‌వర్డ్‌లో తీసుకోకపోతే అదే రోజు రిజిస్టర్డ్ పోస్టు చేయండి, ఆఫీసు మెయిల్‌కూ పంపండి. పోస్టింగ్ కోసం తప్పనిసరిగా ఎదురుచూసిన కాలాన్ని డ్యూటీగా ప్రకటించే అధికారం ఎఫ్‌ఆర్ 9(6)(బి) కింద ప్రభుత్వానికి ఉంది. డ్యూటీ అంటే జీతం, ఇంక్రిమెంటు, లీవు, పెన్షన్ అన్నిటికీ లెక్కే. కాకపోతే అది దానంతటదే జరగదు, ఉత్తర్వు కావాలి. ఆ ఉత్తర్వుకు పెట్టే ఫైలులో మొదట చూసేది మీరు రిపోర్ట్ చేసిన తేదీనే.

ఇంట్లో కూర్చుని ఎదురుచూసి, తర్వాత "అప్పుడు నాకు పోస్టింగ్ ఇవ్వలేదు" అని రాసినవాళ్ల కాలం చివరికి ఈఎల్ (ఎర్న్‌డ్ లీవు) కింద, అది అయిపోతే అసాధారణ సెలవు కింద పోవడం నా కళ్లతో చూశాను. ఈఎల్ ఖాతాలో 300 రోజులే గరిష్ఠం. పదవీ విరమణ నాడు వాటికి డబ్బొస్తుంది. మీ తప్పు లేకుండా వాటిని ఎందుకు కరిగించుకోవాలి?

పోస్టింగ్ వచ్చాక కూడా మొదటి జీతానికి టెన్షన్ తప్పదు. ఏపీలో ప్రభుత్వ చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థ సీఎఫ్‌ఎంఎస్‌లో మీ పేరు కొత్త డీడీవో (జీతం బిల్లులు పెట్టే అధికారి) కింద పొజిషన్ ఐడీకి చేరాలి. ఎల్‌పీసీ లేకుండా బిల్లు పెట్టరు. అందుకే మూడో అడుగులో అంతగా చెప్పాను.

6. ఏ జీతం వస్తుంది?

అలవెన్స్ పోతుంది. దాని మీద ఆశ పెట్టుకోవద్దు. కేంద్రంలో 2017లో దీన్ని అదే ఊళ్లో అయితే బేసిక్‌లో 5 శాతంగా, గరిష్ఠంగా రూ.4,500గా పెట్టారు. వేరే ఊళ్లో అయితే 10 శాతం, గరిష్ఠంగా రూ.9,000. డీఏ 50 శాతం పెరిగినప్పుడల్లా ఈ పరిమితి పావు వంతు పెరుగుతుంది; అలా 2024 జనవరి నుంచి రూ.5,625, రూ.11,250 అయింది. తిరిగొచ్చిన రోజు నుంచి ఇదంతా ఆగిపోతుంది.

అక్కడ పెద్ద పోస్టులో, పెద్ద స్కేల్‌లో పనిచేసి వచ్చినవాళ్లు ఆ జీతానికి రక్షణ అడుగుతుంటారు. 2013లో భన్వర్ లాల్ ముందన్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చేసింది. డిప్యుటేషన్‌లో తీసుకున్న ఎక్కువ జీతానికి తిరిగొచ్చాక రక్షణ లేదు. మాతృశాఖ స్కేల్‌లో ఎంత రావాలో అంతే.

ఆ "ఎంత రావాలో" అన్నదాంట్లోనే మీ హక్కు ఉంది. ఎఫ్‌ఆర్ 26(డి) ప్రకారం ఫారిన్ సర్వీస్ కాలం మాతృశాఖ స్కేల్‌లో ఇంక్రిమెంట్లకు లెక్కవుతుంది. అంటే నాలుగేళ్లు బయట ఉంటే నాలుగు ఇంక్రిమెంట్లు మీ ఎస్‌ఆర్‌లో పడి ఉండాలి. మధ్యలో పీఆర్సీ (వేతన సవరణ) వచ్చి ఉంటే ఆప్షన్ ఇచ్చారా, ఫిక్సేషన్ (కొత్త స్కేల్‌లో జీతం ఖరారు) జరిగిందా చూడండి. 2018 జూలై 1 నుంచి అమలైన గత పీఆర్సీల్లో, రెండు రాష్ట్రాల్లోనూ, బయట ఉన్నవాళ్ల ఆప్షన్లు కింద సెక్షన్లలో మూలన పడ్డాయి. 6, 12, 18, 24 ఏళ్ల ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కేళ్లకూ (ప్రమోషన్ రాకపోయినా ఇచ్చే పై స్కేళ్లు) ఇదే జాగ్రత్త. ఎస్‌ఆర్‌లో ఎంట్రీలు లేకపోతే మీ పాత ఇంక్రిమెంట్‌తోనే బిల్లు చేసేస్తారు, ఎవరినీ తప్పుపట్టలేం.

ఆర్థిక సంవత్సరం మధ్యలో మారితే ఇంకో చిన్న పని. పాత సంస్థలో తీసుకున్న జీతం, కోసిన టీడీఎస్ వివరాలు కొత్త డీడీవోకు ఇవ్వండి. లేకపోతే ఇద్దరూ విడివిడిగా స్టాండర్డ్ డిడక్షన్, మొదటి శ్లాబులు ఇచ్చేస్తారు. జూలైలో రిటర్న్ వేసేటప్పుడు చేతి నుంచి కట్టాలి.

7. సీనియారిటీ, ప్రమోషన్

ఎఫ్‌ఆర్ 113 ప్రకారం ఫారిన్ సర్వీస్‌లో ఉన్నా మీరు మీ కేడర్ సభ్యులే, ప్రమోషన్‌కూ అర్హులే. ఇది ఈనాటిది కాదు. మైసూర్ రాష్ట్రం, ఎం.హెచ్. బెళ్లారి కేసులో 1960ల్లోనే సుప్రీంకోర్టు, డిప్యుటేషన్‌కు వెళ్లకుండా ఉంటే మాతృశాఖలో ఏ స్థానానికి చేరేవాడో తిరిగొచ్చినప్పుడు ఆ స్థానం ఇవ్వాల్సిందేనని చెప్పింది.

మీరు చేయాల్సింది సీనియారిటీ లిస్టు తీసుకుని మీ కింది మనిషి ఇప్పుడెక్కడున్నారో చూడటం. జూనియర్ మీకన్నా పై పోస్టులో ఉంటే ఏ తేదీన ప్యానెల్ (ప్రమోషన్‌కు అర్హుల జాబితా) వేశారు, మీ పేరు ఎందుకు లేదు అని అడగండి. మన రెండు రాష్ట్రాల్లో ప్యానెల్ సంవత్సరం సెప్టెంబర్ 1 నుంచి ఆగస్టు 31 వరకు. ఎక్కువ సందర్భాల్లో జవాబు "రహస్య నివేదికలు రాలేదు" అని వస్తుంది. నివేదిక రాయడం, పంపడం మీ చేతిలోని పని కాదు. ఆ లోపానికి మీరు బలి కానక్కర్లేదు. అందులో రాసినదేదైనా, బాగున్నా బాగోలేకున్నా, మీకు తెలియజేయాల్సిందేనని 2008లో దేవ్‌దత్ కేసు, 2013లో సుఖ్‌దేవ్ సింగ్ కేసు చెప్పాయి. కాపీ అడగండి.

మీరు బయట ఉండగా ప్రమోషన్ ఉత్తర్వు వచ్చి, చేరకుండా అక్కడే ఉండిపోతే మాత్రం కథ వేరు. ప్రమోషన్ వదులుకున్నట్టు రాసేస్తారు. నెలకు నాలుగైదు వేల అలవెన్స్ కోసం ఇలా సీనియారిటీ పోగొట్టుకున్నవాళ్లున్నారు. నా దృష్టిలో అంతకన్నా నష్టపు బేరం లేదు.

8. పెన్షన్ కాంట్రిబ్యూషన్: నిశ్శబ్దంగా ముంచేది ఇదే

ఫారిన్ సర్వీస్‌లో ఉన్నన్నాళ్లూ పెన్షన్, లీవ్ శాలరీ కాంట్రిబ్యూషన్ ప్రభుత్వ ఖాతాకు కట్టాలని ఎఫ్‌ఆర్ 115 చెబుతుంది. సాధారణంగా ఇది ఆ సంస్థే కడుతుంది. కట్టకపోతే ఆ రోజు ఎవరికీ తెలియదు. ఇరవై ఏళ్ల తర్వాత పెన్షన్ ప్రతిపాదనలు ఏజీ (అకౌంటెంట్ జనరల్) ఆఫీసుకు వెళ్లినప్పుడు, "ఫలానా మూడేళ్ల కాంట్రిబ్యూషన్ వివరాలు లేవు" అని ఫైలు వెనక్కొస్తుంది. అప్పటికి ఆ కార్పొరేషన్ ఇంకో దాంట్లో కలిసిపోయి ఉంటుంది.

నాకూ ఇదే జరిగింది. మూడేళ్లు ఒక సంస్థలో చేసి వచ్చాను. రెండేళ్ల చలాన్లే దొరికాయి. మూడో ఏడాది చలాన్ కోసం ఎనిమిది నెలలు తిరిగాను. చివరికి అది కట్టనే లేదని తేలింది, వడ్డీతో కట్టించాల్సి వచ్చింది. నేను సెక్షన్‌లో అందరికీ చెప్పే విషయమే, నా విషయంలో చూసుకోలేదు.

2004 సెప్టెంబర్ 1న, ఆ తర్వాత చేరిన సీపీఎస్ (కాంట్రిబ్యూటరీ పెన్షన్) ఉద్యోగులకు పరీక్ష సులువు. ప్రాన్ (మీ పెన్షన్ ఖాతా నంబరు) స్టేట్‌మెంట్ తెరవండి. మీ వాటా, యజమాని వాటా రెండూ ప్రతి నెలా పడ్డాయా చూడండి. ఒకటే పడి ఉంటే ఆ నెలల జాబితా చేసి, ఆ సంస్థలో ఉండగానే రాయండి. పాత పెన్షన్ వాళ్లు చలాన్ నంబరు, తేదీ, ట్రెజరీ పేరుతో ఎస్‌ఆర్‌లో ఎంట్రీ వేయించుకోండి. ఇంకో మాట: ఆ సంస్థ విడిగా గ్రాట్యుటీ, పెన్షన్ లాంటిది ఇస్తామంటే ప్రభుత్వ అనుమతి లేకుండా తీసుకోకండి. ఎఫ్‌ఆర్ 120 దాన్ని ఒప్పుకోదు.

9. గడువు కాకముందే పంపేస్తే? అక్కడే ఉండాలనుకుంటే?

డిప్యుటేషన్‌లో కొనసాగే హక్కు, అక్కడే విలీనమయ్యే హక్కు ఉద్యోగికి ఉండవు. 2000లో కునాల్ నందా కేసులో సుప్రీంకోర్టు ఈ మాట నిర్మొహమాటంగా చెప్పింది. అయితే ఉత్తర్వులో గడువు రాసి ఉంటే, పనితీరు బాగోలేకపోవడం లాంటి సరైన కారణం లేకుండా మామూలుగా మధ్యలో కత్తిరించకూడదని 2005లో వి. రామకృష్ణన్ కేసులో అదే కోర్టు అంది. కాబట్టి కక్షతో పంపారని రుజువులుంటేనే పోరాడండి. కోర్టుకు వెళ్లే ముందు మాతృశాఖలో రిపోర్ట్ చేయండి. కేసు నడుస్తుండగా రెండుచోట్లా లేకుండా ఉండటం ఆత్మహత్యతో సమానం.

అక్కడ క్రమశిక్షణ చర్య మొదలై ఉంటే ఆ కాగితాలన్నీ మీతో పాటే వస్తాయి. చార్జ్ మెమో కాపీ, మీ జవాబు కాపీ దగ్గర పెట్టుకోండి.

10. ఎవరూ పట్టించుకోకపోతే

మొదట హెచ్‌వోడీకి వినతిపత్రం, దాని కాపీ ప్రభుత్వ కార్యదర్శికి. నెల చూసి ఆర్‌టీఐ వేయండి. ప్రశ్నలు మూడు చాలు: నా జాయినింగ్ రిపోర్ట్ మీద తీసుకున్న చర్య, నోట్ ఫైలు కాపీ, నా కేడర్‌లో ఆ తేదీకి ఉన్న ఖాళీల జాబితా. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. చాలాసార్లు ఆర్‌టీఐ అందిన వారంలోనే పోస్టింగ్ రావడం చూశాను.

అప్పటికీ కాకపోతే, కేంద్ర ఉద్యోగులు క్యాట్ (కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్) హైదరాబాద్ బెంచ్‌కు వెళ్లాలి. తుది ఉత్తర్వు వచ్చిన ఏడాదిలోపు. వినతికి జవాబే రాకపోతే ఆరు నెలలు ఆగి, ఆ తర్వాతి ఏడాదిలోపు. రాష్ట్ర ఉద్యోగులకు పరిపాలనా ట్రిబ్యునల్ ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ లేదు. తెలంగాణలో 2016లో, ఏపీలో 2019లో రద్దయింది. నేరుగా హైకోర్టులో రిట్ వేయాలి. లాయర్ దగ్గరకు వెళ్లేటప్పుడు పట్టుకెళ్లాల్సినవి: జీవో, దాని అనుబంధం, ఆరు నెలల ముందు రాసిన ఉత్తరాల ముద్రలు, రిలీవింగ్ ఆర్డర్, రిజిస్టర్డ్ పోస్టు రసీదు.